రొట్టె సాక్ష్యం

ప్రజాస్వామ్యానికి పునాది పాఠశాల. పాఠశాలకు పునాది ప్రధానోపాధ్యాయుడు! మా పాఠశాలకు పునాది సరిగా వెయ్యడం కంట్రాక్టరు మరచిపోయాడు కనుక, ఆ బరువంతా నిజంగానే నా ఒక్కడి మీద పడింది.

నా పేరు మస్తానయ్య. జువ్వలదిన్నెకు దక్షిణంగా, సముద్రం ఒడ్డునున్న మా ఊళ్ళో పంచాయతీ సమితి ఎలిమెంటరీ స్కూలుకు హెడ్మాస్టర్ని. ఊరికి పడమటి పక్క వరి పొలాలున్న రైతులు. తూర్పు పక్క ఇసుకలో, చేపలు పట్టుకుని బతికేవాళ్ళ పాళెం. ఉభయులకూ అందుబాటులో ఉంటుందని బడిని సరిగ్గా మధ్యలో కట్టారు. దాంతో ఊరివాళ్ళు అది పాళెం బడి అన్నారు, పాళెంవాళ్ళు ఊరి బడి అన్నారు. మా బడి అన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ జీతం తీసుకునే రోజున.

1963లో, దసరా సెలవులైన వారానికి, సమితి ఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. "ఉచిత పాఠశాల అందుబాటులో నుండగా, ప్రజలు రుసుము చెల్లించి తమ బిడ్డలను ప్రైవేటు పాఠశాలలకు ఏల పంపుచున్నారో ఇంటింటికీ పోయి విచారించి, కారణములను జతపరచిన నమూనాలో పూరించి మూడు ప్రతులలో సమర్పించవలెను. సమితి ఉపాధ్యాయులు తమ సొంత బిడ్డలు సమితి పాఠశాలలోనే చదువుచున్నట్లు ధ్రువపత్రము పంపవలెను. తప్పుడు ధ్రువపత్రమిచ్చిన వారు ఉద్యోగము నుండి తొలగింపబడుదురు."

మొదటి వాక్యం చదివి, ఇంత పెద్ద ప్రశ్న నన్ను అడిగారు గదా అని గర్వపడ్డాను. మిగిలినవి చదివాక అన్నం సహించలేదు. ఎందుకంటే మా అమ్మాయి వెంకటశేషమ్మ, మూడో తరగతి, మా బడి గోడకు అవతల ఉన్న హెబ్రోను గారి ఇంగ్లీషు స్కూల్లో చదువుతోంది.

అయినా నేను అబద్ధం రాయలేదు. రాసే ముందు దాన్ని నిజం చేశాను. మా బడి హాజరుపట్టీలో మూడో తరగతి కింద, ముప్పై రెండో నంబరుగా వెంకటశేషమ్మ పేరు రాసి, సిరా ఆరిన తరువాతే ధ్రువపత్రం మీద సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి మా అమ్మాయి ఒకే వేళకు రెండు బడుల్లో చదవసాగింది. రెండింట్లోనూ ఒక్క రోజు నాగా లేదు. జిల్లా మొత్తం మీద అంత చదువు ఇంకే పిల్లకూ లేదని ఢంకా బజాయించి చెప్పగలను!

హెబ్రోను గారి గురించి చెప్పాలి. ఆయన మద్రాసు హార్బరులో పద్దెనిమిదేళ్ళు గుమాస్తాగా చేసి వచ్చారు. వచ్చిన నెలకే మా బడిని ఆనుకుని ఉన్న పాత ఉప్పు కొట్టును బాడుగకు తీసుకుని, సున్నం కొట్టించి, ఇంగ్లీషు స్కూలు అని బోర్డు కట్టారు. నిబంధనలు రెండే. మొదటిది, పిల్లలు బూట్లు తొడుక్కుని రావాలి. మాది అడుగు తీస్తే అడుగు దిగబడే ఇసుక. అందుకని పిల్లలు బూట్లు చేత పట్టుకుని గేటు దాకా నడిచి, అక్కడ కాళ్ళు దులుపుకుని తొడుక్కునేవాళ్ళు. సాయంత్రం గేటు దాటగానే మళ్ళీ చేతికి తీసుకునేవాళ్ళు. నేల తగలని బూట్లు ఎంతకని అరుగుతాయి? ఒక్కో జత అన్నకు, తమ్ముడికి, పిన్నమ్మ కొడుక్కి కూడా సరిపోయేది.

రెండో నిబంధన, స్కూల్లో చేప వాసన రాకూడదు. మధ్యాహ్నానికి ఇంగ్లీషు టిఫినే తేవాలి. అంటే రొట్టె, జాము. సముద్రానికి రెండు ఫర్లాంగుల దూరంలో కూర్చుని చేప వాసన లేకుండా బడి నడపడమంటే మాటలా! తూర్పు గాలి తిరిగినప్పుడు హెబ్రోను గారు కిటికీలు మూయించేవారు. ఇంటికి పోయి చేపల పులుసుతో భోంచేసేవారు.

మా వైపు రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్ళు తినేది. డాక్టరు చెబితే తప్ప ఎవరూ ముట్టరు. అటువంటి రొట్టెను బస్సు కండక్టరు సోమవారం, గురువారం కావలి నుంచి తెచ్చి ఇచ్చేవాడు. బుధవారానికి అది పలకతో సమానంగా గట్టిపడేది. జాము మాత్రం దొరకదు. మా ఇంట్లో నా భార్య ఆదిశేషమ్మ బెల్లం పాకం పట్టి రొట్టెకు పూసి, "దీన్నే జాము అంటారు" అని పిల్లకు నేర్పింది. తరువాత తెలిసింది, ఊళ్ళో తల్లులందరూ ఆ పాఠమే చెప్పారట.

సరే, నమూనా పట్టుకుని విచారణకు బయల్దేరాను. మొదటి ఇల్లు హజరత్తయ్యది. ఇరవై ఎకరాల మాగాణి రైతు. కొడుకు గోడకు అవతల రెండో తరగతి.

"కారణమా? క్రమశిక్షణ అని రాసుకోండయ్యా" అన్నాడు.

"మా బళ్ళో లేదా క్రమశిక్షణ?"

"ఉండాది, ఎందుకు లేదూ? కానీ మీది ఉచితం గదా. ఉచితంగా వచ్చింది పిలకాయలకు వంటబట్టదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అసలు మాటేందంటే, మీ బళ్ళో పాళెం పిలకాయల పక్కన కూర్చోవాల. నాకేం పట్టింపు లేదు సామీ, మా అమ్మే ఒప్పుకోదు."

వసారాలో చింతపండు గింజలు తీస్తున్న తల్లి తలెత్తింది. "నాకేముంది నాయనా! నేనేమన్నా బడికి పోతానా? కోడలు ఒప్పుకోదు."

లోపలి నుంచి కోడలి గొంతు వినిపించింది. "నేనేమన్నాను? ఆయనే గదా వద్దన్నది!"

ముగ్గురిలో ఎవరికీ పట్టింపు లేదని తేలింది. కారణం అన్న చోట 'క్రమశిక్షణ' అని రాసుకుని లేచాను.

ఇరవై మూడు ఇళ్ళు తిరిగితే క్రమశిక్షణ పదిహేను, ఇంగ్లీషు ఏడు వచ్చాయి. ఒక్క ఇంట్లో మాత్రం "బూట్లు" అన్నారు. ఆ నిజాయితీకి నాకు కళ్ళు చెమర్చాయి. పనిలో పనిగా హెబ్రోను గారినీ కదిపాను. ఆయన కూతురు ఆనందకుమారి నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది.

"అమ్మాయిని మీ స్కూల్లోనే చేర్చుకోవచ్చు గదండీ?"

"ఎట్టా కుదురుతాది సార్! ఈడ చదువు ఎట్టా ఉండాదో నాకు తెలుసు గదా" అన్నారాయన, దాపరికం లేకుండా.

పకాలున నవ్వబోయి ఆగిపోయాను. మా అమ్మాయి విషయంలో నా కారణం కూడా అచ్చంగా అదే. మా బడిలో చదువెట్లా ఉందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఆఖరుకు మా ఇంటికీ వచ్చి, పద్ధతి ప్రకారం ఆదిశేషమ్మను విచారించాను.

"హెడ్మాస్టరు కూతురు ఉప్మా వరసలో నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు? జీతం చాలడం లేదనుకోరూ?" అంది.

"చాలడం లేదు గదా!"

"అందుకే గదా అనుకోకూడదనేది!"

ఉప్మా అంటే సర్కారు పంపే మొక్కజొన్న రవ్వతో మా బడిలో మధ్యాహ్నం వండేది. వండించే బాధ్యత అసిస్టెంటు రెబెక్కమ్మ టీచరుది. సర్కారు రవ్వ ఇచ్చింది, డబ్బా నూనె ఇచ్చింది గాని పోపు ఇవ్వలేదు. ఆవాలు, కరివేపాకు ఆమె ఇంటి నుంచి తెచ్చేది. గంగాళంలో ఆ పోపు పడగానే వాసన గోడ దాటి పోయేది. హెబ్రోను గారి నిబంధనల్లో చేప వాసన గురించి ఉంది గాని ఉప్మా వాసన గురించి లేదు.

గోడలో ఒకచోట ఇటుక ఊడిపోయి బెజ్జం పడింది. మూడేళ్ళలో మూడు సార్లు సమితికి రాస్తే, మూడు సార్లూ అంచనాలు పంపమన్నారు. ఆ బెజ్జం గుండా మధ్యాహ్నం పూట వర్తకం నడిచేది. అవతలి నుంచి రొట్టె ముక్కలు వచ్చేవి. ఇవతలి నుంచి బాదం ఆకులో ఉప్మా పోయేది. ఒక రోజు ఆ బెజ్జంలోంచి రొట్టె పట్టుకుని ఒక చిన్న చెయ్యి వచ్చింది. దానికి పచ్చ గాజులున్నాయి. తిరునాళ్ళలో వాటిని కొన్నది నేనే. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట నేను ఆ గోడ వైపు చూడటం మానేశాను.

ఇవతల ఉప్మా ఇచ్చేది నాలుగో తరగతి పోలేరమ్మ. కార్తీక మాసం వచ్చింది, సముద్రం పొంగి ఉంది. పదిరోజులుగా పాళెంలో వేట లేదు. తెప్పలన్నీ ఒడ్డున పడి ఉన్నాయి. పొయ్యి వెలిగిన ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ పిల్లకు రోజుకు దక్కే కూడు మా ఉప్మా ఒక్కటే. అందులో సగం గోడకు అవతలికి ఎందుకిస్తున్నావని రెబెక్కమ్మ టీచరు అడిగింది.

"ఉప్మా ఈడే తినాలంటారు గదా టీచర్, ఇంటికి తీసకపోనీరు. రొట్టె అయితే ఒళ్ళో దాచుకోవచ్చు. చెల్లికీ తమ్ముడికీ పెడతా" అంది పోలేరమ్మ. దాన్ని చూసి ఇంకో పదిమంది కూడా అట్లాగే చేస్తున్నారు. ఆ సంగతి టీచరు నాకు చెప్పింది. విన్నాను. మంచి పిల్ల అన్నాను. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

సరిగ్గా అటువంటి రోజుల్లో సమితి విద్యాధికారి సంజీవరావు గారు తనిఖీకి వచ్చారు. జీపు ఇసుకలో కూరుకుపోతే, కడుపులో ఏమీ లేని పాళెంవాళ్ళు దాన్ని బయటికి తోశారు. ఆయన విసుక్కుంటూ నడిచి, గోడ వారగా మా ఆవరణలోకి దిగేసరికి మధ్యాహ్నం వర్తకం మంచి ఊపు మీద ఉంది. పదకొండు మంది పాళెం పిల్లల చేతుల్లో, ఒళ్ళలో రొట్టె ముక్కలు!

"మస్తానయ్య గారూ, ఈ పిల్లలకు జ్వరమా?"

"లేదు సార్."

"పదకొండు మందిలో ఒక్కరికీ జ్వరం లేదు. అయినా రొట్టె తింటున్నారు!" ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన ఏ బడిలోనూ ఏదీ కనిపెట్టలేదు. ఇప్పుడు ముఖం వెలిగిపోయింది. "జాము కూడా ఉన్నదే! ఏం పాపా, ఎక్కడిదీ రొట్టె?"

పోలేరమ్మ గోడ వైపు చూసింది. బెజ్జంలో పచ్చ గాజుల చెయ్యి టక్కున వెనక్కు పోయింది. తరువాత ఆ పిల్ల నా వైపు చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. నాకు కనిపిస్తున్నది మాత్రం నా ధ్రువపత్రం. ఆ రొట్టె ఎవరిదంటే మా అమ్మాయిది. మా అమ్మాయి ఎక్కడుందంటే గోడకు అవతల. హాజరుపట్టీలో ఎక్కడుందంటే ఇవతల. ఆపైన నా ఉద్యోగం ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు.

"మా ఇంట్లోది సార్" అంది పోలేరమ్మ.

"రోజూ తెస్తావా?"

"తెస్తా సార్."

"జామో?"

"మాయమ్మ చేస్తాది సార్."

మిగిలిన పదిమందీ తలలూపారు. సంజీవరావు గారు నా వైపు తిరిగారు. "నిజమేనా హెడ్మాస్టరు గారూ?"

గరిటె పట్టుకుని నిలబడ్డ రెబెక్కమ్మ టీచరు నెమ్మదిగా, "సార్, చెప్పండి" అంది.

చెప్పాను. "పిల్లలు అబద్ధం చెప్పరు సార్!"

ఆయన రాసుకున్నారు. కింద, ప్రధానోపాధ్యాయుని సమక్షంలో విచారించడమైనది అని రాసి సంతకం పెట్టమన్నారు. మూడు ప్రతుల్లో పెట్టాను.

ఊపు మీదున్న సంజీవరావు గారు అంతటితో ఆగక పక్క స్కూలుకు కూడా వెళ్ళారు. అక్కడ పిల్లల కాళ్ళకు బూట్లున్నాయి, మెడలో టైలున్నాయి, టిఫిను డబ్బాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. పిల్లలు బాదం ఆకులు నాకుతున్నారు. ఆయన నిర్ఘాంతపోయి హెబ్రోను గారిని కారణమడిగారు. గోడ బెజ్జం సంగతి చెబితే స్కూలు పరువు పోతుంది. అందుకని హెబ్రోను గారు, "ఇంగ్లీషువాళ్ళు మధ్యాహ్నం తక్కువే తింటారు సార్" అన్నారు. సంజీవరావు గారు నమ్మలేదు. "ఈ కుటుంబములు పైకి దర్జాగా కనబడుచు, లోన అవస్థ పడుచున్నవి" అని రాసుకుని వెళ్ళిపోయారు. ఆ నివేదిక మొత్తంలో నిజమైన మాట అదొక్కటే.

పదిహేను రోజుల్లో ఆర్డరు వచ్చింది. సమితి పాఠశాల విద్యార్థులు ఇంటి నుండి రొట్టె, జాము తెచ్చుకొను స్థోమత కలవారని విచారణలో రుజువైనందున, వారికి ఉప్మా నిలిపివేసి, అదే రవ్వను, నూనెను పక్కనే ఆకులు నాకుచున్న ఇంగ్లీషు స్కూలు విద్యార్థులకు మరలించవలెను!

గంగాళం గోడకు అవతలికి పోయింది. మర్నాడే హెబ్రోను గారు బెజ్జంలో ఇటుక పెట్టి సిమెంటు పూయించారు. మూడేళ్ళుగా సమితికి చేతకాని పని ఆయన ఒక్క పూటలో చేశారు. ఉచిత ఉప్మా అంటే ఊరివాళ్ళు చిన్నతనంగా భావిస్తారని దానికి కార్న్ పారిడ్జ్ అని పేరు పెట్టారు. వారం తిరగకుండా హజరత్తయ్య మా బడి గుమ్మంలో నిలబడి నన్ను కేకేశాడు.

"చూసినారా అయ్యా! ఇంగ్లీషు టిఫిను స్కూల్లోనే వేడివేడిగా వండి పెడతా ఉండారు. మీ బళ్ళో ఏనాడన్నా పెట్టినారా? ఊరికే పోతామా ప్రైవేటుకు!"

నేను నమూనా తీసి, అదీ ఒక కారణంగా చేర్చుకున్నాను.

గంగాళం పోయిన రోజు రెబెక్కమ్మ టీచరు కరివేపాకు పొట్లం నా బల్ల మీద పెట్టింది. "ఆ పిల్ల మీ పాప కోసం అబద్ధం చెప్పింది సార్. మీరు ఎవరి కోసం చెప్పినారు?" అంది. ఆ రోజు నేను రెండో తరగతికి కూడికలు చెప్పాల్సింది. తలనొప్పి అని వంక పెట్టి మానేశాను.

ఆ తరువాత పాళెం పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. పోలేరమ్మ అందరికన్నా ముందు మానేసింది. మానేసిన పిల్లల ఇళ్ళకు పోయి కారణం రాసుకోవడానికి వేరే నమూనా ఉంది. అది పట్టుకుని పాళెంలోకి పోయాను. సముద్రం తెరిపిచ్చింది. పోలేరమ్మ తల్లి చెంచమ్మ ఇసుక మీద నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. పోలేరమ్మ కాకులు తోలుతోంది. పిల్ల పిక్కల మీద బరికె వాతలు తేలి ఉన్నాయి.

"ఏం చెంచమ్మా, పిల్లను బడికి పంపడం లేదే? ఉప్మా ఆపేశారనా? నేను పైకి రాస్తాలే."

"ఉప్మాదేముంది అయ్యోరా? పెడితే తింటాం, పెట్టకపోతే పస్తుంటాం. మాకు కొత్తా?" నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "పిల్ల అబద్ధాలు నేర్చింది. మా ఇంట్లో రొట్టె ఉండాదని ఆ దొరతో చెప్పిందంట. జాము నేను చేస్తానని చెప్పిందంట! జామంటే ఏందో నాకే తెలీదు. దాని నోటి మాటకు అంతమంది పిలకాయల కూడు పోయింది. కొట్టినా. ఎవరు నేర్పినారే అని అడిగినా. ఎంత కొట్టినా చెప్పలేదు."

పోలేరమ్మ ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ కాకుల వైపు తిరిగింది. నాకు సిగ్గేసింది. ఇది వ్యంగ్యానికి చెబుతున్న మాట కాదు, ఆ ఇసుకలో కూరుకుపోతే బాగుండుననిపించింది.

"మా ఇంట్లో కూడు లేకపోయుండొచ్చు గానీ, అబద్ధం ఎప్పుడూ లేదు" అంది చెంచమ్మ. తరువాత కాస్త మెత్తబడింది. "వేట బాగుంటే వచ్చే ఏడు మీ పాప చదివే బళ్ళో వేస్తా అయ్యోరా. మీరే సొంత బిడ్డను తీసకపోయి ఆడ వేసినారంటే, ఆడ అబద్ధాలు నేర్పరనే గదా?"

మా అమ్మాయి ఎక్కడ చదువుతోందో పాళెమంతటికీ తెలుసు. తెలియనిది సమితి ఒక్కదానికే. నేను నమూనా మడిచి జేబులో పెట్టుకున్నాను. కారణం అన్న చోట ఖాళీగానే వదిలేశాను.

మర్నాడు ఉదయం హాజరు వేశాను. మూడో తరగతి, ముప్పై రెండు, వెంకటశేషమ్మ. పలికేవాళ్ళు లేరు. హాజరు అని రాసుకున్నాను. నాలుగో తరగతి, పదకొండు, పోలేరమ్మ. పలికేవాళ్ళు లేరు. పిల్లల సంఖ్య తగ్గితే పోస్టు తీసేస్తారని సమితి నుంచి మరో సర్క్యులరు వచ్చి ఉంది. హాజరు అని రాసుకున్నాను.

రెబెక్కమ్మ టీచరు పట్టీలోకి తొంగి చూసింది. "పోలేరమ్మ రాలేదు గదా సార్?"

"రాలేదమ్మా."

"మరి హాజరు వేసినారే?"

"వెంకటశేషమ్మ మాత్రం వచ్చిందా? ఒకరికి వేసి ఇంకొకరికి వెయ్యకపోతే పక్షపాతం చూపినట్టు కాదా?" అన్నాను. "సమితి బళ్ళో పిల్లలందరూ సమానమేనమ్మా!"